రెపో తగ్గినా రూపాయి కదల్లేదు, ఫెడ్ తగ్గించినా 91 దాటింది: ఎవరైనా విడమరిచి చెప్పండి

క్యాండిల్ వనపర్తి

అన్నలకు, అక్కలకు నమస్తే. నాదొక డౌటు. ఈ 2025 డిసెంబరు 3న డాలర్ 90 రూపాయలు దాటింది. 5న ఆర్‌బీఐ రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు వడ్డీని, 5.5 నుంచి 5.25 శాతానికి తగ్గించింది. వడ్డీ తగ్గితే ఆ దేశం కరెన్సీ పడుతుందని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. ఆ రోజు చూస్తే రూపాయి 90 చుట్టూ తిరిగి ఊరుకుంది. సరేలే అనుకున్నా. 10న అమెరికా సెంట్రల్ బ్యాంక్ ఫెడ్ కూడా వడ్డీని పావు శాతం కోసి 3.50–3.75కి తెచ్చింది. ఆ లెక్కన డాలర్ దిగాలి కదా? 16న 91 దాటింది! మళ్లీ 17న వార్తేమీ లేకుండానే అర రూపాయికి పైగా వెనక్కి వచ్చింది.

నాకైతే వార్తలు చూడడమే దండగ, చార్టు ఒక్కటి చూస్తే చాలనిపిస్తోంది. నేను యూట్యూబ్‌లో ఫాలో అయ్యే సార్ కూడా అదే అంటారు. మీరేమంటారు?

పాత ట్రెజరీ, మహబూబ్‌నగర్

తమ్ముడూ, ముందు తేదీ సరిచేద్దాం. ఫెడ్ నిర్ణయం వాషింగ్టన్‌లో మధ్యాహ్నం 2 గంటలకు వస్తుంది. చలికాలంలో మనకది అర్ధరాత్రి 12:30, ఎండాకాలంలో రాత్రి 11:30. అంటే మన లెక్కలో అది 11వ తారీఖు. మన బ్యాంకుల మధ్య రూపాయి మార్కెట్ పొద్దున 9కి తెరిచి మధ్యాహ్నం 3:30కి మూసేస్తారు. ఫెడ్ మాట్లాడేటప్పుడు మన దుకాణం బంద్. దాని ప్రభావం మనకు కనిపించేది మర్నాడు పొద్దున తెరిచాకే.

ఇక నీ ప్రశ్న. మార్కెట్ కదిలేది వార్తకు కాదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య ఉన్న తేడాకు. అక్టోబరు నెల ధరల పెరుగుదల 0.25 శాతమని నవంబరులో లెక్క వచ్చింది. ఆ ధరల సూచీ మొదలైనప్పటి నుంచి అంత తక్కువ ఎన్నడూ లేదు. ఆర్‌బీఐ లక్ష్యమేమో 4 శాతం, అటూఇటూ రెండు. అంత తక్కువ ద్రవ్యోల్బణం ఉన్నప్పుడు పావు శాతం తగ్గించొచ్చని చాలామంది ముందే అనుకున్నారు, దానికి తగ్గట్టే కొని అమ్మి కూర్చున్నారు. 5న పొద్దున పదింటికి గవర్నర్ నోరు విప్పేసరికి ఆ పావు శాతం ధరలో కలిసిపోయి ఉంది.

జూన్ 6న జరిగింది దీనికంటే తమాషా. ఎక్కువమంది పావు అనుకుంటే అర శాతం కోశారు, 6 నుంచి 5.5కి. సీఆర్‌ఆర్ (బ్యాంకులు ఆర్‌బీఐ దగ్గర తప్పనిసరిగా ఉంచాల్సిన నగదు వాటా) కూడా నాలుగు విడతల్లో మొత్తం ఒక శాతం తగ్గిస్తామన్నారు. నీ సూత్రం ప్రకారం రూపాయి కూలిపోవాలి. సాయంత్రానికి కాస్త బలపడింది. ఎందుకంటే అదే ప్రకటనలో పాలసీ వైఖరిని ‘సర్దుబాటు’ నుంచి ‘తటస్థం’కి మార్చారు. ఇవ్వాల్సింది ఇచ్చేశాం, ఇకమీదట వెంటవెంటనే ఆశించకండి అని దాని భావం. అంకె ఒకవైపు లాగింది, మాట ఇంకోవైపు లాగింది. పైగా తగ్గింపు వృద్ధికి మంచిదని షేర్ మార్కెట్ ఎగిరింది. బీజగణితంలా ఒక్క సమీకరణంలో ఇమిడేది కాదు ఇది.

బత్తాయి తోట, నల్లగొండ

సార్, నేను ట్రేడింగ్ మనిషిని కాదు. మా అమ్మాయి అమెరికాలో ఎంఎస్ చదువుతోంది. జనవరిలో 18,000 డాలర్ల ఫీజు కట్టాలి. 91 చూసిన రోజు రాత్రంతా టెన్షన్. ఇప్పుడు కట్టేయాలా, ఆగాలా? టీవీలో ఒకాయన 95 అంటాడు, ఇంకొకాయన 88 అంటాడు.

మిల్లు లెక్కలు, మిర్యాలగూడ

అన్నా, మీ సంగతికి తప్పకుండా వస్తాం. ముందు తమ్ముడు అడిగిన రెండో ముక్కకు నా జవాబు, ఎందుకంటే రోజూ మేం పడేది దాంతోనే.

ఫెడ్ తగ్గించాక డాలర్ దిగలేదని ఎవరన్నారు? యూరోతో పోల్చి చూడు, దిగింది. రూపాయితో పోలిస్తే మాత్రం దిగలేదు. అది డాలర్ బలం కాదు, మన బలహీనత. ఈ ఏడాది విదేశీ ఫండ్లు మన షేర్లను నికరంగా లక్ష కోట్లకు పైగానే అమ్మాయి. అమ్మిన రూపాయలతో డాలర్లు కొనుక్కుని పోతారు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికాలో మన సరుకులో చాలావాటి మీద 50 శాతం సుంకం పడింది. అక్టోబరులో వాణిజ్య లోటు దాదాపు 41.7 బిలియన్ డాలర్లు, అదో రికార్డు. అందులో బంగారం దిగుమతులే 14 బిలియన్లకు పైమాట. దసరా, దీపావళి, పెళ్లిళ్లకు మనం కొన్న బంగారానికి డాలర్లు ఎవరో ఒకరు ఇవ్వాలి కదా. ఇన్ని వైపుల నుంచి డాలర్ అడుగుతుంటే ఫెడ్ కోసిన పావు శాతం ఏ మూలకు?

దేవరకొండ టు దుబాయ్

మాకైతే 91 పండగే 😀 ఇక్కడ ఎక్స్చేంజ్ కౌంటర్ల ముందు లైన్లు.

క్యాండిల్ వనపర్తి

అన్నా మీది దిర్హమ్ కదా, డాలర్‌తో మీకేం పని?

దేవరకొండ టు దుబాయ్

తమ్మీ, దిర్హమ్ 1997 నుంచి డాలర్‌కు కట్టేసి ఉంది. డాలర్‌కు 3.6725, అంతే, కదలదు. అందుకే ఫెడ్ తగ్గిస్తే ఇక్కడి సెంట్రల్ బ్యాంక్ కూడా ఆ వెంటనే తగ్గిస్తుంది. డాలర్ 90 ఉంటే దిర్హమ్ 24.50. మా రూమ్‌లో జగిత్యాల వాళ్లు, పాలమూరు వాళ్లు అందరూ ఫోన్‌లో రూపాయి రేటే చూస్తారు కానీ అది నడిచేది వాషింగ్టన్, ముంబై మధ్యనే. సౌదీలో ఉన్న మా బామ్మర్దికీ అదే కథ, రియాల్ 3.75. కువైట్ ఒక్కటే కొద్దిగా వేరు, వాళ్ల దినార్‌ను కట్టేసింది కొన్ని కరెన్సీలు కలిపిన బుట్టకు.

పాత ట్రెజరీ, మహబూబ్‌నగర్

బాగా చెప్పారు. ఇక 17న ఏం జరిగిందో చెప్తా, తమ్ముడు వార్త లేదన్నాడు కాబట్టి.

ఆర్‌బీఐ తానే తెర మీదికి వచ్చి డాలర్లు అమ్మదు. ప్రభుత్వ రంగ బ్యాంకుల డీలర్లకు ఫోన్ వస్తుంది, వాళ్లు అమ్ముతారు. డీలింగ్ రూమ్‌లో కూర్చున్నవాడికి అది ఎలా తెలుస్తుందంటే, మామూలుగా ఒక ధర దగ్గర కొన్ని మిలియన్లు అమ్మకానికి ఉంటాయి, కొనగానే ధర పైకి జరుగుతుంది. ఆ రోజుల్లో ఎంత కొన్నా అదే ధర దగ్గర మళ్లీ మళ్లీ సరుకు కనిపిస్తూనే ఉంటుంది. అయిదు నిమిషాల్లో అందరికీ అర్థమవుతుంది ఎవరు వచ్చారో. అప్పుడు రూపాయి పడుతుందని పందెం కాసినవాళ్లు తమ డాలర్లను తామే అమ్ముకుని పారిపోతారు. 17న అర రూపాయికి పైగా తిరిగిందంటే అందులో ఆర్‌బీఐ అమ్మినది కొంత, భయపడి అమ్మినది కొంత.

ఆర్‌బీఐ చెప్పేది ఎప్పుడూ ఒకటే. ఫలానా రేటు మా లక్ష్యం కాదు, విపరీతమైన ఊగిసలాట రానివ్వం అంటారు. సాగర్ డ్యామ్‌కు పైనుంచి ఎంత వరద వస్తుందో గేట్ల చేతిలో ఉండదు. కిందికి ఎంత వేగంగా వదలాలో మాత్రం గేట్ల చేతిలో ఉంటుంది. నిల్వలు చూడండి. 2024 సెప్టెంబరు చివర 700 బిలియన్లు దాటిన విదేశీ మారక నిల్వలు 2025 జనవరికి 625 దగ్గరికి వచ్చాయి. డాలర్ బలపడి మిగతా కరెన్సీల విలువ తగ్గడం వల్ల పోయింది కొంత, అమ్మినది కొంత. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆ లెక్క వస్తుంది. రూపాయి చూసేవాడు రెపో రేటు కంటే ముందు ఆ లెక్క చూడాలంటాను నేను.

జడ్చర్ల జిన్నింగ్

పాత ట్రెజరీ సార్‌తో నాకు చిన్న పేచీ. రూపాయి పడితే పత్తి రైతుకు మంచిదే కదా అని మార్కెట్ యార్డులో అందరూ అంటారు. లెక్క వేసి చూద్దాం. న్యూయార్క్ రేటు పౌండుకు 65 సెంట్లు అనుకోండి. మన క్యాండీ 356 కిలోలు, అంటే సుమారు 785 పౌండ్లు. 510 డాలర్లు. డాలర్ 88 ఉంటే దాదాపు 44,900, 90 ఉంటే 45,900. రెండు రూపాయల తేడాకు క్యాండీకి వెయ్యి రూపాయలు. బాగానే ఉంది కదా?

కానీ ఆగస్టు 19న పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకం తీసేశారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. 11 శాతం అంటే అదే క్యాండీకి అయిదు వేలు! ఢిల్లీ నుంచి వచ్చిన ఒక్క నోటిఫికేషన్ ముందు ఫెడ్, ఆర్‌బీఐ రెండూ కలిపి ఏపాటి? బయట రేటు మద్దతు ధర కింద ఉన్నంత కాలం రైతు సీసీఐకే (కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థకే) పోతాడు. 2025–26లో పొడుగు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110. అలాంటి రైతుకు డాలర్ 85 అయినా 95 అయినా ఒకటే.

మిల్లు లెక్కలు, మిర్యాలగూడ

మా బియ్యం కథ వినలేదు మీరు.

2023 జులై 20న బాస్మతీ కాని తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించారు. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. అప్పటికే బయ్యర్‌తో ఒప్పందం చేసుకుని, వచ్చే డాలర్లను బ్యాంకుకు ముందే ఫార్వర్డ్‌లో (రాబోయే తారీఖుకు ఇప్పుడే రేటు ఖాయం చేసుకుని) అమ్ముకున్నవాళ్లు ఉంటారు కదా, వాళ్ల పరిస్థితి ఊహించండి. సరుకు పోదు, డాలర్ రాదు. కానీ ఫలానా తారీఖున ఇన్ని డాలర్లు ఇస్తానని బ్యాంకుకు రాసిచ్చిన కాగితం అలాగే ఉంది. దాన్ని రద్దు చేయాలంటే ఆ రోజు రేటుకు డాలర్లు కొని లెక్క సరిచేయాలి. ఆ నెలల్లో రూపాయి 82 నుంచి 83కి జారింది. టన్ను 350 డాలర్ల చొప్పున వెయ్యి టన్నులంటే 3,50,000 డాలర్లు. రూపాయి తేడాకు మూడున్నర లక్షలు. నష్టం రాకూడదని చేసుకున్న ఏర్పాటే నష్టం తెచ్చిపెట్టింది. నిషేధం ఎత్తేసింది 2024 సెప్టెంబరు 28న.

అందుకే నేను చెప్పేది: ట్రేడర్‌కు వార్త అంటే సీపీఐ (ధరల సూచీ), అమెరికా ఉద్యోగాల లెక్క, ఫెడ్. ఎగుమతిదారుకు వార్త అంటే ముందు వాణిజ్య శాఖ, తర్వాత ఆర్‌బీఐ.

ఇంకో మాట. రూపాయి పడితే ఎగుమతిదారు పండగ చేసుకుంటాడని పేపర్లలో రాస్తారు. 90 దాటిందంటే ఆఫ్రికా బయ్యర్‌కు కూడా తెలుస్తుంది. మీకు టన్నుకు ఇన్ని రూపాయలు ఎక్కువ వస్తున్నాయి కదా, రేటు పది డాలర్లు తగ్గించండి అని మెసేజ్ వస్తుంది. మనం తగ్గించకపోతే పక్క మిల్లు తగ్గిస్తుంది.

కాఫీ విత్ కరెన్సీ, నకిరేకల్

బంగారం జనవరిలో ఎంత పోతుందో ఎవరైనా చెప్తారా? చెల్లి పెళ్లి ఉంది.

మోడరేటర్

బంగారానికి వేరే చర్చ ఉంది, అక్కడ అడగండి. ఇక్కడ కరెన్సీ, పాలసీ వార్తలు మాత్రమే.

సూర్యాపేట డెస్క్

నేను హైదరాబాద్‌లో ఒక బ్యాంకు ట్రెజరీకి (డాలర్లు కొని అమ్మే విభాగం) రాత్రి షిఫ్ట్ సపోర్ట్‌లో పనిచేస్తా. క్యాండిల్ తమ్ముడు చార్టు చాలన్నాడు కదా, చార్టు తయారయ్యే ఆ ఒక్క నిమిషం ఎలా ఉంటుందో చెప్తా.

అమెరికా ఉద్యోగాల లెక్క సాధారణంగా నెలలో మొదటి శుక్రవారం వస్తుంది. మనకు ఎండాకాలంలో సాయంత్రం 6, చలికాలంలో 7. అయిదు నిమిషాల ముందు నుంచే స్క్రీన్ పలచబడుతుంది. ధరలు ఇచ్చే బ్యాంకులు తమ కొనుగోలు, అమ్మకం ధరలను వెనక్కి లాక్కుంటాయి. మామూలప్పుడు యూరో–డాలర్‌లో వెంట్రుకవాసి ఉండే తేడా ఆ క్షణంలో ఎన్నో రెట్లు పెరుగుతుంది. సరిగ్గా సమయానికి అంకె పడుతుంది. మనిషి కన్ను ఆ అంకెను చదివేలోపే ప్రోగ్రాములు చదివేసి ఆర్డర్లు కొట్టేస్తాయి. నీ స్టాప్‌లాస్ (ఇంతకు పడితే అమ్మేయమని ముందే పెట్టిన ఆర్డర్) 1.1650 దగ్గర ఉంటే అక్కడే అమ్ముడవుతుందని గ్యారంటీ లేదు. తర్వాత ఏ ధర దొరికితే ఆ ధరకు పోతుంది. మొదటి నిమిషంలో పైకి, మూడో నిమిషంలో కిందికి పోవడం మామూలే. ఎందుకంటే మొదటి నిమిషం పైఅంకెది, ఆ తర్వాత మనుషులు లోపలి పేజీలు చదువుతారు.

2025 ఆగస్టు 1నే చూడండి. జులైలో 73,000 ఉద్యోగాలు అని వచ్చింది, తక్కువే. కానీ అసలు దెబ్బ లోపల ఉంది. అంతకుముందు మే, జూన్ నెలలకు చెప్పిన లెక్కలో ఏకంగా 2,58,000 కోసేశారు. డాలర్ జారిపోయింది. ఆ గణాంకాల సంస్థ అధిపతిని ట్రంప్ అదే రోజు తీసేశాడు. అంకె ఇచ్చే ఆఫీసు మీదే నమ్మకం కదిలితే ఏ చార్టు చెప్తుంది ఆ సంగతి?

అంతకుముందు ఏడాదిది ఇంకా ఘోరం. 2024 జులై 31న జపాన్ బ్యాంక్ వడ్డీని 0.25 శాతానికి పెంచింది. పావు శాతం వడ్డీ అంటే మనకు నవ్వొస్తుంది. రెండు రోజులకు అమెరికా జాబ్స్ 1,75,000 అనుకుంటే 1,14,000 వచ్చాయి. జపాన్‌లో చవగ్గా యెన్ అప్పు తీసుకుని వేరేచోట పెట్టినవాళ్లంతా ఒకేసారి అప్పు తీర్చడానికి యెన్ కోసం ఎగబడ్డారు. సోమవారం ఆగస్టు 5న టోక్యో షేర్ల సూచీ నిక్కీ ఒక్కరోజులో 12.4 శాతం పడింది. ఆ రెండు వార్తలూ విడివిడిగా చిన్నవే.

క్యాండిల్ వనపర్తి

అన్నా అదే కదా నేనూ అంటున్నది. అంత వేగంగా కదిలితేనే పైసలు. నేను వాడే యాప్‌లో 1:500 లెవరేజ్ ఇస్తారు. యూరో–డాలర్, యెన్ అన్నీ ఉంటాయి. పదివేలు పెడితే యాభై లక్షల సరుకు పట్టొచ్చు.

సూర్యాపేట డెస్క్

1:500 అంటే ధర నీకు ఎదురుగా 0.2 శాతం కదిలితే నీ పదివేలు సున్నా. యూరో–డాలర్ ఏ వార్తా లేని రోజు మధ్యాహ్నం కూడా అంత కదులుతుంది తమ్ముడూ. జాబ్స్ రోజైతే మొదటి క్షణంలోనే అయిపోతుంది.

పాత ట్రెజరీ, మహబూబ్‌నగర్

ఆ యాప్ ఎవరిదో పేరు చెప్పకు, అక్కర్లేదు. రెండు విషయాలు మాత్రం తెలుసుకో. మన దేశం నుంచి విదేశీ ప్లాట్‌ఫామ్‌కు మార్జిన్ (ట్రేడింగ్‌కు కట్టే పూచీ డబ్బు) కోసం పంపడం ఫెమా, అంటే విదేశీ మారక చట్టం, ఒప్పుకోదు. ఏడాదికి 2,50,000 డాలర్లు పంపుకునే పథకం ఉంది కానీ అది దీనికి వర్తించదు. అనుమతి లేని ప్లాట్‌ఫామ్‌ల పేర్లతో ఆర్‌బీఐ 2022 సెప్టెంబరులో ఒక హెచ్చరిక జాబితా పెట్టింది, అప్పటి నుంచి పేర్లు కలుస్తూనే ఉన్నాయి. జాబితాలో లేదు కాబట్టి మంచిదని అర్థం కాదు, అది కూడా వాళ్లే రాశారు.

రెండోది, ఇక్కడి ఎక్స్చేంజీలో రూపాయి–డాలర్ ఫ్యూచర్స్ (రాబోయే తారీఖుకు ఇప్పుడే రేటు ఖాయం చేసుకునే కాంట్రాక్టులు) 2008 నుంచి ఉన్నాయి. లాట్ వెయ్యి డాలర్లు, పైసా కదిలితే పది రూపాయలు. ఒకప్పుడు ఎవరైనా ఆడేవాళ్లు. 2024 జనవరి 5న వచ్చిన ఆర్‌బీఐ సర్క్యులర్, అదే ఏడాది మే 3 నుంచి అమలు: నీకు నిజంగా డాలర్ రావాల్సిందో ఇవ్వాల్సిందో ఉంటేనే ఆ కాంట్రాక్టు తీసుకోవాలి. 10 కోట్ల డాలర్ల వరకు కాగితం చూపించక్కర్లేదు కానీ ఆ రావాల్సిందో ఇవ్వాల్సిందో ఉండి తీరాలి. దాంతో అక్కడ వ్యాపారం బాగా తగ్గిపోయింది.

నీ దగ్గర యూపీఐలో డబ్బు ఎవరి ఖాతాకు పోతోందో ఒకసారి చూసుకో. కంపెనీ పేరు కాకుండా ఎవరో మనిషి పేరు వస్తోందా?

క్యాండిల్ వనపర్తి

అవును సార్. ప్రతిసారీ వేరే పేరు వస్తుంది. సర్వర్ మారుస్తుంటామని టెలిగ్రామ్‌లో చెప్పారు.

జడ్చర్ల జిన్నింగ్

అయ్యో తమ్మీ. అలాంటి ఖాతా మీద ఎక్కడో ఎవరో సైబర్ కంప్లయింట్ ఇస్తే దాంతో లావాదేవీ చేసిన నీ ఖాతా కూడా ఆగిపోతుంది. ముందు విత్‌డ్రా కొట్టి చూడు, వస్తుందో రాదో.

లెక్చరర్, గద్వాల

ఆలస్యంగా చేరుతున్నా. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేను 2013తో మొదలుపెడతా, ఎందుకంటే అందులో ఫెడ్ వడ్డీ రేటు మార్చకుండానే కథ మొదలైంది. ఆ ఏడాది మే 22న ఫెడ్ చైర్మన్ బెర్నాంకీ, బాండ్ల కొనుగోళ్లు కొన్ని నెలల్లో తగ్గించవచ్చన్నట్టు మాట్లాడాడు. ‘తగ్గించవచ్చు’, అంతే. మన కరెంట్ ఖాతా లోటు (వ్యాపారం వగైరాల్లో వచ్చే డాలర్ల కంటే పోయేవి ఎక్కువ కావడం) అప్పుడు పెద్దది. విదేశీ డబ్బు మీద బండి నడుస్తోంది. జులైలో ఆర్‌బీఐ బ్యాంకులు తనదగ్గర అత్యవసరంగా తీసుకునే అప్పు వడ్డీని 10.25 శాతానికి పెంచింది. వడ్డీ పెంచితే కరెన్సీ నిలబడాలి కదా, నిలబడలేదు. ఆగస్టు 28న 68 దాటిపోయింది.

మరి దేనితో ఆగింది? ఆ రాత్రే చమురు కంపెనీలకు అవసరమైన డాలర్లు నేరుగా ఆర్‌బీఐ ఇస్తుందన్నారు. రోజూ పొద్దున్నే మార్కెట్‌లోకి వచ్చి కొనే అతిపెద్ద కొనుగోలుదారు పక్కకు తప్పుకున్నాడు. సెప్టెంబరు 4న రఘురామ్ రాజన్ వచ్చీ రాగానే ఎన్నారైల డాలర్ డిపాజిట్లను బ్యాంకులు తక్కువ ఖర్చుతో ఆర్‌బీఐ దగ్గర మార్చుకునే ఏర్పాటు ప్రకటించారు. నవంబరు చివరికి దాని కింద దాదాపు 26 బిలియన్లు వచ్చాయి. వడ్డీ రేటు అనే పెద్ద ఆయుధం చేయలేని పని ఈ రెండు మామూలు ఏర్పాట్లు చేశాయి. అందుకే పాలసీ రోజున రెపో అంకె చూసి టీవీ కట్టేయొద్దంటా. ఈ డిసెంబరు 5న కూడా ప్రకటన కింది భాగంలో 5 బిలియన్ డాలర్ల కొను–అమ్ము స్వాప్ ఉంది, మూడేళ్లకు. అంటే ఇప్పుడు డాలర్లు తీసుకుని రూపాయలు వదిలి, మూడేళ్ల తర్వాత తిరిగి ఇస్తారు. పేపర్లలో ఈఎంఐ తగ్గుతుందన్న హెడ్డింగ్ వచ్చింది, స్వాప్ ఎక్కడో మూలన వచ్చింది.

మిల్లు లెక్కలు, మిర్యాలగూడ

ఆ స్వాప్ మాకు నేరుగా తగిలేదే. ఎలాగో చెప్తా, చార్టు చూసేవాళ్లకు కనపడని చోటు ఇది.

ఎగుమతి డాలర్లను ఆరు నెలలకో ఏడాదికో ముందే అమ్ముకుంటే బ్యాంకు ఇవాళ్టి రేటు మీద కొంత ప్రీమియం కలిపి ఇస్తుంది. అది ఎవరి దయా కాదు, స్థూలంగా మన వడ్డీకీ అమెరికా వడ్డీకీ ఉన్న తేడా. తేడా రెండు శాతం, డాలర్ 90 అనుకుంటే ఏడాది తర్వాతి రేటు 91.80. ఆర్‌బీఐ తగ్గించి ఫెడ్ కదలకపోతే తేడా చిన్నదవుతుంది, మాకు ప్రీమియం తగ్గుతుంది. దిగుమతి చేసుకునేవాళ్లకు అదే లాభం, ముందుగా కొనిపెట్టుకోవడానికి వాళ్లకయ్యే ఖర్చు తగ్గుతుంది. ఇక ఆర్‌బీఐ స్వాప్‌లో ఇప్పుడు కొని తర్వాత అమ్ముతానంటే తర్వాతి డాలర్ వైపు సరఫరా పెరుగుతుంది, ప్రీమియం ఇంకాస్త దిగొచ్చు.

కాబట్టి క్యాండిల్ తమ్ముడూ, నువ్వు చదివిన సూత్రం పూర్తిగా తప్పు కాదు. వడ్డీ ప్రభావం ముందుగా, లెక్క ప్రకారం కనిపించేది ఈ ప్రీమియంలో. ఇవాళ్టి రేటులో కనిపించాలంటే డబ్బు నిజంగా దేశం దాటాలి, అక్కడికొచ్చేసరికి నూటెనిమిది కారణాలు.

బత్తాయి తోట, నల్లగొండ

అందరూ బాగా చెప్తున్నారు కానీ నా 18,000 డాలర్లు అక్కడే ఉన్నాయి 🙏

పాత ట్రెజరీ, మహబూబ్‌నగర్

క్షమించండి, మీ దగ్గరికే వస్తున్నా. రేటు ఎటు పోతుందో నేను చెప్పను, చెప్పేవాళ్లను నమ్మను. ఈ నెలలోనే 90, 91, మళ్లీ 90 చూశారు కదా. ఫీజుకు గడువు ఉంటే సగం ఇప్పుడు, సగం గడువుకు వారం ముందు కొనండి. యూనివర్సిటీ వాయిదాలకు ఒప్పుకుంటుందేమో అమ్మాయిని అడగమనండి. ఫెడ్ మీటింగ్ ముందు రోజు, ఆర్‌బీఐ పాలసీ ముందు రోజు మొత్తం కొనొద్దు, మొత్తం ఆపొద్దు.

అంతకంటే ముఖ్యం, మీకు బ్యాంకు వేసే రేటు. టీవీలో కనిపించేది బ్యాంకులు తమలో తాము కొనుక్కునే రేటు. మీకు దానిమీద మార్జిన్ వేస్తారు. మీరు ఫెడ్ కోసం ఆగి 20 పైసలు కలిసొస్తే మిగిలేది 3,600 రూపాయలు. బ్యాంకు 70 పైసలు మార్జిన్ వేస్తే పోయేది 12,600. బ్రాంచిలో కార్డు రేటు (అందరికీ ఒకేలా రాసిపెట్టిన రేటు) చెప్తారు. ట్రెజరీ నుంచి డీల్ రేటు తీసుకోండి సార్ అని అడగండి. ఆ మొత్తానికి చాలాచోట్ల ఇస్తారు.

దేవరకొండ టు దుబాయ్

మాదీ అంతే. కౌంటర్ కౌంటర్‌కూ తేడా. 91 వచ్చిందని ఎగురుతూ పోయి, బోర్డు మీద తక్కువున్న చోట పంపేవాళ్లు బోలెడు.

క్యాండిల్ వనపర్తి

విత్‌డ్రా కొట్టాను. ‘వెరిఫికేషన్ కోసం ముందుగా 18 శాతం టాక్స్ కట్టండి’ అని వచ్చింది.

జడ్చర్ల జిన్నింగ్

రూపాయి కూడా కట్టకు! పన్ను నీ డబ్బులోంచి కోస్తారు కానీ ఎవరూ ముందు కట్టించుకోరు. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్, స్క్రీన్‌షాట్లు అన్నీ తీసి పెట్టుకో, ఆ టెలిగ్రామ్ గ్రూపులోంచి అప్పుడే బయటికి రాకు, వాళ్లు మెసేజ్‌లు తుడిచేసేలోపు సేవ్ చేసుకో.

పాత ట్రెజరీ, మహబూబ్‌నగర్

ఇవాళే చెయ్ తమ్ముడూ. ఎంత తొందరగా ఫిర్యాదు ఇస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. మీ నాన్నకు చెప్పి చెయ్.

క్యాండిల్ వనపర్తి

చేశాను సార్, కంప్లయింట్ నంబరు ఇచ్చారు. నాన్నకు రాత్రి చెప్తా.

బత్తాయి తోట, నల్లగొండ

బ్యాంకుకు వెళ్లొచ్చాను. కార్డు రేటు చెప్పారు. ట్రెజరీ రేటు అడిగితే మేనేజర్ ఒకసారి నా ముఖం చూసి, కూర్చోండి అని ఫోన్ చేశాడు. మొదట చెప్పినదానికంటే 55 పైసలు తక్కువకు వచ్చింది. సగం ఇవాళ పంపించా, 9,000 డాలర్లకు 4,950 మిగిలాయి. మిగతా సగం ఎడ్యుకేషన్ లోన్‌లోంచి పంపాలి. దానికి టీసీఎస్ (విదేశాలకు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పడుతుందా?

పాత ట్రెజరీ, మహబూబ్‌నగర్

గుర్తింపు ఉన్న సంస్థ నుంచి తీసుకున్న లోన్ అయితే 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ లేదు. సొంత డబ్బుతో చదువుకు పంపితే ఏడాదిలో 10 లక్షలు దాటిన దానిమీదే, ఈ 2025–26లో 5 శాతం. అదీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. ఏ2 ఫారంతో (విదేశాలకు డబ్బు పంపే దరఖాస్తుతో) పాటు లోన్ మంజూరు లెటర్, ఫీజు ఇన్‌వాయిస్ తీసుకెళ్లండి. డబ్బు లోన్ ఖాతా నుంచే నేరుగా పోయేలా చూసుకోండి. మీ సేవింగ్స్ ఖాతాకు తెచ్చి పంపితే లోన్ డబ్బని చూపించడానికి మళ్లీ బ్రాంచి చుట్టూ తిరగాల్సి వస్తుంది.